మూడో చప్పుడు

మొన్న ఆదివారం పొద్దున కరీంనగర్ ఇంట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటే, మా మనవరాలు సెల్‌ఫోను తెచ్చి నా మూతికి ఆనించినంత పని చేసి, "అమ్మమ్మా, రెండు నిమిషాలు మాట్లాడు. స్కూల్ ప్రాజెక్టు" అంది. ఏం ప్రాజెక్టమ్మా అని అడిగితే, పిల్లలంతా ఇంట్లో పెద్దవాళ్ళ గొంతులు రికార్డు చేసుకుని పోయి, వాటిని కత్తిరించి అతికించి క్లాసులో వినిపించాలట. దాంతో పిల్లలకు మాట్లాడడం, వినడం, ప్రశ్న అడగడం, చెప్పేది ఒక వరసలో చెప్పడం అన్నీ వస్తాయట. "మా టీచర్ కొత్తగా కనిపెట్టింది, ఇంతకుముందు ఎవ్వరూ చెయ్యలేదు" అని కళ్ళు ఇంతింత చేసుకుని చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఎవ్వరూ చెయ్యలేదా! ఎనభైల్లో, కోరుట్ల దగ్గర ఒక పల్లెటూరి బడిలో, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో, ఇదే పని ఇంతకన్నా బాగా చేసిన మనిషి ఒకామె ఉంది. ఆమె ఎవరో చెబుదామని నోరు తెరిచాను. చెప్పబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళు గడిచినా ఆమెను పొగడాలంటే నా నాలుక సగంలో ఆగిపోతుంది. ఆమె మా యారాలు.

యారాలంటే తోడికోడలు, మా ఆయన తమ్ముడి భార్య. ఒకే ఇల్లు, ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. మధ్యలో మా అత్తమ్మ. ఏ పొయ్యి మీద కూర బాగుంటే ఆ పూట అటు కూర్చునేది. ఇది చాలదన్నట్టు ఇద్దరం ఒకే బడిలో టీచర్లం. నేను ముందు చేరాను, ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆమె వచ్చేనాటికే చుట్టుపక్కల ఊళ్ళలో నాకొక పేరుంది. నల్లబల్ల మీద నా అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. ఐదో తరగతి ఏ సెక్షన్ నాది. నా పిల్లలకు రోజూ డిక్టేషన్ ఉండేది. నేను వాక్యం వాక్యంగా ఆగి ఆగి చెబుతూ వరసల మధ్య తిరుగుతుంటే వాళ్ళు తల ఎత్తకుండా రాసేవాళ్ళు. ఒత్తు తప్పినవాడి నోటుబుక్కుతో పాటు చెవి కూడా నా చేతిలోకి వచ్చేది. ఆమె వచ్చి బీ సెక్షన్ తీసుకుంది. ఆమె చేతిరాత కోడి గెలికినట్టుండేది. ఈ మాట కుళ్ళుతో అనడం లేదు, మా పెద్దసారు కూడా అన్నాడు. కానీ ఆమె నవ్వితే గంట మోగినట్టు బడి మొత్తానికి వినిపించేది, పిల్లలు ఆమె కొంగు పట్టుకుని తిరిగేవాళ్ళు. తల్లి క్లాసులోనే పిల్ల చదవడం బాగుండదని పెద్దసారు మా అమ్మాయిని తీసుకెళ్ళి బీ సెక్షన్‌లో వేశాడు. ఇంటికొచ్చి మా అమ్మాయి "చిన్నమ్మ అట్ల చెప్పింది, చిన్నమ్మ ఇట్ల చెప్పింది" అని మొదలుపెడితే నా పొయ్యిలో మంట ఎక్కువైపోయి అన్నం అడుగంటేది.

మా ఆయన అప్పుడు మస్కటులో ఉండేవాడు. పెద్ద పెద్ద కట్టడాల దగ్గర క్రేను నడిపే పని. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. టీచరు పెళ్ళానికి తన రాత చూపించడానికి సిగ్గుపడేవాడనుకుంటాను. నేను ఇటు నుంచి కాగితాలకు కాగితాలు రాసేదాన్ని, కొట్టివేత ఒక్కటి లేకుండా. అటు నుంచి నాలుగు లైన్లు వచ్చేవి. తను క్షేమం, మేము క్షేమమని తలుస్తున్నాడు, అవ్వను, అంటే మా అత్తమ్మను, మంచిగా చూసుకోవాలి, ఇట్లు. ఆ ఇట్లు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయేదాన్ని. వెనక పక్క ఇంకేమైనా రాశాడేమోనని కాగితం తిప్పి చూసేదాన్ని. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు, ఒప్పుకుంటాను. కానీ పక్కన కూర్చున్నవాడు మాట్లాడకపోవడం వేరు, సముద్రం అవతల ఉన్నవాడు మాట్లాడకపోవడం వేరు. నాకు కావలసింది ఒక్కటే. ఆయన నన్ను ఉద్దేశించి, నా కోసమని, ఒక్క మాట మాట్లాడాలి. ఇది ఎవరితోనూ చెప్పుకునే సంగతి కాదు. పిల్లతల్లి, పైగా టీచరమ్మ, ఇలాంటి దానికి ఆశపడుతోందని తెలిస్తే మా వాడకట్టు ఆడవాళ్ళు బీడీలు చుట్టడం మానేసి నవ్వుకునేవాళ్ళు.

చదువు రాని ఇళ్ళలో ఉత్తరాల బదులు క్యాసెట్లు నడిచేవి. చుట్టీ మీద, అంటే సెలవు మీద, వచ్చినవాడు తిరిగి పోతుంటే వాడి సంచిలో మామిడికాయ తొక్కు డబ్బాలతో పాటు ఊళ్ళో అందరి ఇళ్ళ క్యాసెట్లూ పోయేవి. మళ్ళీ అటునుంచి ఎవడో వస్తే వాటికి జవాబులు వచ్చేవి. వచ్చిన క్యాసెట్‌ను వాకిట్లో పెట్టి వినేవాళ్ళు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఒళ్ళో చాటలతో, చాటల్లో తునికాకులతో వచ్చి కూర్చునేవాళ్ళు. అందరూ వింటారని అక్కడ మాట్లాడేవాడికీ తెలుసు గనక ఆ క్యాసెట్లలో మొగుడు పెళ్ళాంతో మాట్లాడేది ఉండదు. అవ్వతో, బాపుతో, తమ్ముడితో, ఎడ్ల సంగతి, మోటరు సంగతి అన్నీ మాట్లాడి, చివరికి పిల్ల పేరు పిలిచి, "మీ అమ్మను పానం మంచిగ జూస్కొమ్మని చెప్పు బిడ్డా" అని ఒక్కటి విసిరేవాడు. పెళ్ళానికి దక్కేది అంతే. ఆ ఒక్కదానికే ఆమె తల వంచుకుని గబగబా బీడీ చుట్టేది, పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడిచేవాళ్ళు. ఇదంతా చూసి నేను మూతి తిప్పుకునేదాన్ని. క్యాసెట్ పంపడమంటే నా లెక్కలో వేలిముద్ర వేయడమే. మా అత్తమ్మ ఎన్నిసార్లు అడిగినా, చదువుకున్న ఇంట్లో నుంచి క్యాసెట్ పోవడం ఏమిటని నేను పడనివ్వలేదు. అలా మా ఇంటి నుంచి క్యాసెట్ పోలేదు, మా ఇంటికి రాలేదు.

విచిత్రమేమిటంటే ఊళ్ళో అందరికన్నా మంచి టేప్‌రికార్డర్ మా ఇంట్లోనే ఉంది. మా ఆయన ఒక చుట్టీకి వస్తూ తెచ్చాడు. రెండు స్పీకర్లది, మోయడానికి పైన పిడి ఉన్నది. నేను స్వయంగా క్రోషియా అల్లి దాని మీద కప్పి, నా గదిలో బీరువా మీద పెట్టాను. శుక్రవారం పొద్దున కాసేపు భక్తి పాటలు పెట్టి, ఆపి, మళ్ళీ గుడ్డ కప్పేదాన్ని. ఒకరోజు యారాలు చేతులు తుడుచుకుంటూ నా పొయ్యి దగ్గరికి వచ్చింది.

"అక్కా, టేపు జర బడికి తీస్కపోత. పిల్లలతోని పనున్నది."

"టేపుతోని బడిల ఏం పని? సిన్మా పాటలు పెడ్తవా?"

"పిల్లల మాటలు పిల్లలకే వినిపిస్త."

నేను ఇంకేదో అనబోయేలోపు అరుగు మీద నుంచి అత్తమ్మ అందుకుంది. "గది నా కొడుకు తెచ్చిండు, నా ఇంట్ల ఉన్నది. ఇద్దరు కోడండ్లది. తీస్కపో బిడ్డా." మర్నాడు మా ఆయన తెచ్చిన టేప్‌రికార్డర్ నా కళ్ళ ముందే యారాలి సైకిల్ క్యారియర్ మీద కూర్చుని బడికి పోయింది. నా క్రోషియా గుడ్డ బీరువా మీద ఒక్కటే మిగిలింది.

ఆమె చేసింది ఏమిటో ఇప్పుడు చెబుతాను, నాకు ఇష్టం లేకపోయినా. ఆమె క్లాసులో సగం మంది పిల్లల నాన్నలు మస్కటులోనో దుబాయిలోనో ఉండేవాళ్ళు. బాపుకు పంపే క్యాసెట్‌లో ప్రతి పిల్లకూ రెండు నిమిషాలు ఇస్తానంది. కానీ ఊరికే మైకు ముందు నిలబడితే కుదరదు. మొదట ఇంట్లో అందరినీ అడిగి, బాపుకు చెప్పాల్సిన సంగతులు రాసుకు రావాలి. వాటిలో ఏది ముందు, ఏది వెనక, ఏది అసలు వద్దు అని తేల్చుకోవాలి. పైకి చదివి చూసుకోవాలి. పెద్దసారు చేతి గడియారం అడిగి తెచ్చి, ఒకరు చదువుతుంటే ఒకరు టైము చూసేవాళ్ళు. ఎక్కువైతే ఏ వాక్యం తీసేయాలో క్లాసంతా కలిసి కొట్లాడుకునేది. మొదటిసారి తమ గొంతు తాము విన్నప్పుడు ఆ పిల్లల నవ్వు ఆగలేదు. ఒక పిల్లయితే "గది నేను గాదు టీచర్, ఎవరో ముసల్ది" అని ఏడ్చింది. తర్వాత తర్వాత వాళ్ళే పట్టుకున్నారు, ఎక్కడ మింగేస్తున్నారో, ఎక్కడ ఊపిరి ఆడక ఉరుకుతున్నారో. నేను బాగున్నా నువ్వు బాగున్నావా అని తప్ప ఇంకో మాట రానివాళ్ళు, తెల్ల ఎద్దు ఏ కాలు కుంటుతోందో, ఎందుకు కుంటుతోందో, దానికి ఏ మందు వేశారో వరసగా చెప్పడం నేర్చారు. సెల్లులు అయిపోతే ఎండలో పెట్టి మళ్ళీ వాడేవాళ్ళు. నేల మీద సుద్దతో సముద్రం గీసి, ఇవతల మన ఊరు, అవతల మస్కటు పెట్టి, ఇక్కడ మధ్యాహ్నం గంట కొట్టేసరికి అక్కడ టైమెంతో లెక్క కట్టేవాళ్ళు. నా ఏ సెక్షన్ పిల్లలు మంచినీళ్ళకని లేచి, అటు పోయి, తిరిగి వచ్చేవాళ్ళు కాదు.

అన్నిటికన్నా నా కడుపు మండించింది చప్పుళ్ళ ఆట. తన రెండు నిమిషాల చివర ప్రతి పిల్లా మూడు చప్పుళ్ళు పెట్టాలి. అవేమిటో బాపు గుర్తుపట్టి జవాబులో చెప్పాలి. ఇంట్లోవాళ్ళకు ముందుగా చెప్పకూడదు, అది షరతు. అంతే, పిల్లలు టేపు పట్టుకుని ఊరంతా తిరిగారు. చెరుకు గానుగ, బస్సు హారను, మేకల మంద, మసీదు పక్క సందులో మెకానిక్ కొట్టే సుత్తి, ఏదీ వదల్లేదు. ఏ సెక్షన్‌కూ బీ సెక్షన్‌కూ మధ్య గోడ లేదు, ఒక తడిక మాత్రమే ఉండేది. అవతల గంట మోగినట్టు ఆమె నవ్వు, దాని వెనక పిల్లల నవ్వులు. ఇవతల నేను నిలబడి డిక్టేషన్ చెబుతుంటే నా మాట నాకే వినపడేది కాదు. నేనూ గొంతు పెంచేదాన్ని. వాళ్ళు ఇంకా నవ్వేవాళ్ళు, నేను ఇంకా పెంచేదాన్ని. సాయంత్రానికి నాకు గొంతు పోయేది. మా అత్తమ్మ వేడి నీళ్ళలో ఉప్పు వేసి ఇస్తూ, గంత ఒర్లుడెందుకే అని అడిగేది.

అదే నెలలో డీఐ సారు తనిఖీకి వచ్చాడు. నేను ముందురోజే నల్లబల్ల కడిగి, మూలన పూలతీగ కూడా గీసి పెట్టాను. ఆయన నా క్లాసులోకి వచ్చి, బల్ల చూసి, "రాత బాగుందమ్మా" అని తడిక అవతలికి వెళ్ళిపోయాడు. అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పిల్లల చేత టేపు పెట్టించుకుని విన్నాడు, తానూ మాట్లాడి తన గొంతు విన్నాడు, టీ అక్కడికే తెప్పించుకున్నాడు. మండలం టీచర్లందరినీ పిలిపించి ఈ పద్ధతి చూపించాలని పెద్దసారుతో చెప్పి పోయాడు. ఆ రోజు నా మొహం ఎలా ఉందో గానీ పెద్దసారు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కోపం వస్తే రెండూ. "టీచరమ్మా, పరేషాన్ గాకుండ్రి. మీ రాత మీది, ఆమె మాట ఆమెది. బడికి రెండు గావాలె" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు, కానీ నాకు ఆ మాటతో ఇంకాస్త మండింది.

మస్కటులో బాపులున్న పిల్లల క్యాసెట్ తయారయ్యాక ఒక శనివారం బడి చివర ఉన్న పెద్ద గదిలో అందరికీ వినిపించారు. నేను పోలేదు. ఖాళీ క్లాసులో నల్లబల్ల వైపు తిరిగి సోమవారం రాయాల్సింది ఆ రోజే రాసుకుంటూ నిలబడ్డాను. మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు చెవులు మాత్రం అటే పోయాయి, కానీ సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు వేశారు. ఆ క్యాసెట్ పై వాడకట్టు నుంచి తిరిగి పోతున్న ఒకతని సంచిలో సముద్రం దాటింది. మా ఇంటి నుంచి పోయిన మొదటి మాట అది. అది నాది కాదు.

జవాబు రావడానికి రెండు నెలలు పైనే పట్టింది. మిగిలిన బాపులంతా కలిసి ఒక క్యాసెట్ నింపి పంపితే, మా ఆయన ఒక్కడే మా ఇంటికని వేరే క్యాసెట్ పంపాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాకిట్లో పీట మీద టేప్‌రికార్డర్ పెట్టారు. అత్తమ్మ దాని ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. మా మరిది గడపలో, వాడకట్టు ఆడవాళ్ళు చాటలతో చుట్టూ. యారాలు పిల్లలను వెనక వేసుకుని నిలబడింది. నేను గది తలుపుకు ఆనుకుని, నాకేమీ పట్టనట్టు దువ్వెనలో వెంట్రుకలు తీస్తున్నాను. మా అమ్మాయి బటన్ నొక్కింది. ఆయన గొంతు వచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఆ గొంతు వినడం అదే మొదటిసారి. దువ్వెన చేతిలోంచి జారింది.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నోరు విప్పని మనిషి ఆ డబ్బాలో ఎంత మాట్లాడాడని! అవ్వ మోకాళ్ళ నొప్పి అడిగాడు. తమ్ముణ్ణి మోటరు అడిగాడు. అక్కడి ఎండ, క్రేను మీద నుంచి కనిపించే ఓడలు, గదిలో తోటి మనుషుల గురకలు, తను వండిన పప్పుచారు, అన్నీ చెప్పాడు. నా ఉత్తరాలకు నాలుగు లైన్లు రాసే మనిషి ఇతనేనా అని నేను వింటూనే ఉన్నాను. అందరి పేర్లూ వచ్చాయి, పక్కింటి వదినగారి కోడి పేరు కూడా వచ్చింది, నా ఊసు మాత్రం రాలేదు. ఆ తర్వాత మా అమ్మాయిని పిలిచాడు.

"బిడ్డా, నీ ముచ్చట ఇన్న. మంచిగ చెప్పినవ్. నీ చప్పుళ్ళు గూడ ఇన్న. మొదటిది గిర్ని. మన బజార్ల పిండి గిర్ని."

"తప్పు! బోరింగు కొట్టుడు!" అని మా అమ్మాయి ఎగిరింది.

"రెండోది వాన. రేకుల మీద వాన వడ్తున్నది."

ఈసారి మా అత్తమ్మ లేచింది. "వాన గాదురా, నా బర్రె! నేను పాలు పిండుతున్న! దీని తల్లి పాలు తాగి పెరిగిండు, గుర్తువట్టలే సూడుండ్రి వీడు!" అని టేప్‌రికార్డర్ మీదికి చెయ్యెత్తింది. ఆడవాళ్ళు నవ్వి నవ్వి తునికాకులు కింద పోసుకున్నారు. ఆ గోలలో తర్వాతి మాట వినపడలేదు. మా అమ్మాయి వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది.

"మూడోది..." అని ఆయన ఆగాడు. వెనక ఏదో మిషను ఆడుతున్న చప్పుడు, ఎవరో దగ్గడం. "మూడో చప్పుడు ఏందో నాకెర్క. గది నేను చెప్ప. గది మల్ల పంపు బిడ్డా. జర పొడుగ్గ పంపు. క్యాసెట్ ఒక దిక్కు మొత్తం నింపి పంపు."

అంతే, ఆయన మాటలు అయిపోయాయి. మీ అమ్మను పానం మంచిగ జూస్కొమ్మని చెప్పు అన్నది కూడా లేదు. ఊళ్ళో ప్రతి పెళ్ళానికీ దక్కే ఆ ఒక్క ముక్క కూడా నాకు దక్కలేదు. ఏం చప్పుడే, ఏం చప్పుడే అని ఆడవాళ్ళంతా మా అమ్మాయిని పట్టుకున్నారు. అది షరతు ప్రకారం చెప్పనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని యారాలి కొంగు వెనక దాక్కుంది. యారాలు నవ్వింది. ఆ నవ్వు విని నాకు తట్టింది. మూడో చప్పుడు అదే అయ్యుంటుంది. బడి మొత్తానికి వినిపించే ఆ నవ్వే టేపులోకి ఎక్కి ఉంటుంది, ముచ్చటేసి మళ్ళీ పంపమంటున్నాడు. బావకూ తమ్ముడి భార్యకూ మా ఇళ్ళలో ఎదురుపడి మాట ఉండదు. అయినా సరే, ఆమె నవ్వు ఆయన చెవిదాకా పోయింది, నా ఉత్తరాలు పోలేదు. నేను గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను. ఏడ్చాను కూడా. దాచిపెట్టడమెందుకు.

సాయంత్రం యారాలు తన పొయ్యి ముందు కూర్చుని తడి కట్టెలు ఊదుతుంటే పోయి నిలబడ్డాను. "మూడో చప్పుడు ఏంది?" అని అడిగాను.

"నువ్వే అక్కా" అంది, పొగకు కళ్ళు తుడుచుకుంటూ.

నాకు అర్థం కాలేదు. ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టింది. "నీ పిల్లనే అడిగింది, అమ్మ చప్పుడు పెడ్త అని. నువ్వు టేపు ముందు మాట్లాడవు గద. తడిక పొంటి పెట్టినం. నువ్వు గప్పుడు డిక్టేషన్ చెప్తున్నవ్. మేం నవ్వినం, నువ్వు ఇంక గట్టిగ చెప్పినవ్. చీమలు బారులు తీరి పోతున్నాయి, ఫుల్‌స్టాప్, నోరు మూసుకుని రాయండి. గంతే ఉన్నది టేపుల."

ఇన్నాళ్ళుగా ఎంతో ఏరి ఏరి మంచి మాటలన్నీ ఉత్తరాల్లో రాసి పంపితే పలకని మనిషి, నోరు మూసుకుని రాయండి అన్నదాన్ని మళ్ళీ పంపమన్నాడు, అదీ ఒక దిక్కు మొత్తం. వాకిట్లో అంత మంది ముందు ఆయన నా ఊసెత్తలేడు. ఎత్తకుండా అడగడానికి ఆయనకు ఒక దారి దొరికింది. ఆ దారి వేసింది మా యారాలు. అక్కడ మళ్ళీ నాకు సన్నగా మండింది. అది నాకెందుకు తోచలేదు?

"నీకేమమ్మా, అన్ని నీకే తోస్తయి. పేరు నీకొచ్చింది, డీఐ సారు నీ కాడనే టీ తాగిండు" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆ మనిషి నవ్వకుండా మాట్లాడడం నేను చూడడం అదే మొదటిసారి. "పేరేం జేసుకోను అక్కా? మీ మరిది దినాం ఇంట్లనే ఉంటడు. నేనేమన్న చెప్తే సగం ఇని లేచి పోతడు. మల్లోసారి చెప్పు అని ఒక్కనాడన్న అన్నడా? నీ చీమల ముచ్చట మా బావ సముద్రం అవతల కూసోని మల్ల పంపుమంటుండు. గది ఇన్నప్పటిసంది నాకు మనసు మనసుల లేదు." ఆ మాట అని మళ్ళీ పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు ముందు కలిగింది సంతోషమే. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె నన్ను చూసి కుళ్ళుకుంది! ఆ సంతోషం కాసేపు బాగానే ఉంది. తర్వాత ఆమె పొయ్యిలో నా పొయ్యి నుంచి నాలుగు ఎండు కట్టెలు తెచ్చి పెట్టాను.

వారం తిరక్కముందే టేప్‌రికార్డర్ తడికకు ఇవతల నా బల్ల మీదికి వచ్చింది. యారాలే తెచ్చి, సెల్లులు వేసి, బటన్ నొక్కి, మూలన నిలబడింది. నా పిల్లలు కొత్త పాళీలతో సిద్ధంగా కూర్చున్నారు. ఆ రోజు డిక్టేషన్ ఏ పాఠంలోదీ కాదు. "వానలు ఈసారి ముందే వచ్చాయి. పెరట్లో బీరతీగ పందిరెక్కింది. బర్రె ఈనింది, కామా, దూడ నల్లగా ఉంది. పాప పొడుగైంది, కామా, పోయినేటి గౌను మోకాళ్ళ పైకి పోయింది. సాయంత్రం బస్సు వచ్చే వేళకు గేటు తీసే ఉంటుంది." నేను ఎప్పటిలాగే వరసల మధ్య తిరుగుతూ, ఎప్పటిలాగే ఆగి ఆగి చెప్పాను. ఊరంతా వాకిట్లో పెట్టుకుని విన్నా దాంట్లో తప్పు పట్టడానికి లేదు, అది డిక్టేషన్. ముందు వరసలో కూర్చున్న పిల్ల ఒకతి తల ఎత్తి, "టీచర్, ఎవరింటి గేటు?" అని అడిగింది. నోరు మూసుకుని రాయమన్నాను. అది కూడా టేపులోకి ఎక్కింది.

దానికి క్యాసెట్ రాలేదు, కవరు వచ్చింది. లోపల నాలుగు లైన్లు లేవు. పెన్సిలుతో, చిన్నపిల్లవాడు గీతల మీద రాసినట్టు, నా డిక్టేషన్ మొదటి నుంచి చివరిదాకా ఉంది. శుక్రవారం సెలవు పూట టేపు ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ రాశాడట. బర్రెకు ర కింద ఒత్తు లేదు, కామాలు ఎక్కడెక్కడో పడ్డాయి, గేటు దగ్గర మాత్రం ఒక్క తప్పు లేదు. అడుగున, "దిద్ది పంపు. గదిల ఇంకో ఇద్దరు గూడ రాస్తున్నరు" అని ఉంది. ఎర్ర సిరాతో దిద్దాను. మొగుడని చూడలేదు, మార్కులు పదికి నాలుగే వేశాను. ఆ తర్వాత నెలకో డిక్టేషన్ పోయేది, దిద్దాల్సిన కాగితాలు వచ్చేవి. కొన్నాళ్ళకు డిక్టేషన్ కింద ఆయన సొంత వాక్యాలు రెండు కనబడ్డాయి, తర్వాత పేజీ, ఆ తర్వాత వెనక పక్క కూడా. ఆ కాగితం తిప్పి చూసినప్పుడు వెనక పక్క నిండా అక్షరాలు ఉండడం ఎలాంటిదో చెప్పడం నాకు చేతకాదు. నా క్లాసు పిల్లలకు నేను కూడా చెవి పట్టుకోవడం తగ్గించి, వాక్యాలు వాళ్ళనే తెమ్మనడం మొదలుపెట్టాను. మండలం టీచర్లు మాత్రం చూడడానికి వచ్చింది చిన్న టీచరమ్మ పద్ధతినే. నా పద్ధతి చూడడానికి ఎవరూ రాలేదు, అది వేరే సంగతి.

తొంభైల్లో ఆయన మస్కటు వదిలి వచ్చేశాడు. వచ్చిన కొత్తలో చాలా మాట్లాడతాడని ఆశపడ్డాను, కానీ మనిషి అలవాటు మనిషిదే. ఎదురుగా ఉంటే మళ్ళీ మాటలు తగ్గిపోయాయి. నాకూ పనుల్లో ఆ లోటు తెలియకుండా పోయింది. యారాలు ఇప్పుడు జగిత్యాలలో ఉంటుంది. పండక్కో పబ్బానికో ఫోను చేసి అదే నవ్వు నవ్వుతుంది, నేను అలవాటు కొద్దీ కాస్త కుళ్ళుకుంటాను. కానీ ఈ మధ్య నా కుళ్ళంతా ఇంకో మనిషి మీదికి మళ్ళింది. తడికకు ఇవతల నిలబడి, సుద్ద చేత్తో నుదురు తుడుచుకుంటూ, పక్క క్లాసు మీద కోపంతో గొంతు చించుకుంటున్న ఆ ముప్పయ్యేళ్ళ టీచరమ్మ మీదికి. తన మాట అవతల ఒకరు పట్టుకుంటున్నారని ఆమెకు తెలియదు, అది సముద్రం దాటుతుందని తెలియదు, అక్కడ ఒక మనిషి దాన్ని వెనక్కి తిప్పుకుని తిప్పుకుని వింటాడని తెలియదు. అదంతా ఇంకా ఆమెకు రావలసి ఉంది. నాకు వచ్చి వెళ్ళిపోయింది.